కాశీకి బండిలోనా, విమానంలోనా? హన్మకొండ గడప నుంచి ఒక లెక్క

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే ముచ్చట: ఈసారి ఎటు పోదాం, ఎట్లా పోదాం. పోయినసారి కాశీ అనుకున్నప్పుడు మా చిన్న మరదలు, "ఇమానంల రెండు గంటలే గదా బావా, పొద్దున ఎక్కితే మధ్యాహ్నం గంగల మునుగొచ్చు" అన్నది. పెద్దబావ ఒప్పుకోలేదు. "గా టికెట్ల పైసలతోని బండి మాట్లాడుకుంటే ప్రయాగ, అయోధ్య గూడ చూసి రావచ్చు" అని ఆయన పట్టు. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు మూడో మాట తెచ్చాడు. క్యారవాన్ తీసుకుంటే పడక, పొయ్యి అన్నీ బండిలోనే ఉంటాయి కాబట్టి లాడ్జి ఖర్చు, హోటల్ ఖర్చు రెండూ మిగులుతాయని వాడి వాదన.

ముగ్గురి మాటలోనూ నిజముంది. కానీ ముగ్గురూ ఖర్చులో ఒక ముక్కే పట్టుకుని మాట్లాడుతున్నారు. మా పెద్దబావ ప్రతి యాత్రకూ ఒక పొడుగు నోటుబుక్కు పెడతాడు. అందులో పేజీకి మూడు గడులు: బండి, పొయ్యి, పడక. అంటే ప్రయాణం, తిండి, బస. విమాన టికెట్టు మొదటి గడిలో కొంత భాగాన్నే నింపుతుంది. సొంత కారు మొదటి గడిని పూర్తిగా నింపుతుంది. క్యారవాన్ మూడింటినీ నింపుతానంటుంది. కాబట్టి టికెట్టునూ డీజిల్ బిల్లునూ పక్కపక్కన పెట్టి పోలిస్తే జవాబు తప్పే వస్తుంది. గడప దాటిన దగ్గర నుంచి మళ్లీ గడప తొక్కే దాకా మూడు గడులూ కలిపి చూడాలి.

ఏ బండి గురించి మాట్లాడుతున్నాం?

క్యారవాన్ అనగానే మనకు షూటింగుల్లో హీరోలు కూర్చునే బండి గుర్తొస్తుంది. యాత్రకు అద్దెకిచ్చేది అంత పెద్దది కాదు. వ్యాను లోపల నలుగురి నుంచి ఆరుగురి దాకా పడుకునే పడకలు, చిన్న పొయ్యి, నీళ్ల ట్యాంకు, కొన్నింటిలో మరుగుదొడ్డి ఉంటాయి. దీన్నే క్యాంపర్‌వ్యాన్ అని కూడా అంటారు. కేరళ ప్రభుత్వం 2021లో ఇలాంటి బండ్ల కోసమే ఒక పర్యాటక పథకం మొదలుపెట్టింది. బండి నిలుపుకుని, నీళ్లు పట్టుకుని, మురుగు వదిలే పార్కులు అందులో భాగం. మన వైపు నుంచి నాగ్‌పూర్ దారిలో పోయేవాళ్లకు అలాంటి చోట్లు అరుదు. అందుకే రెండు మూడు రాత్రులకొకసారైనా స్నానాలకు గది తీసుకోక తప్పదు.

టెంపో ట్రావెలర్ వేరు. అందులో సీట్లే తప్ప పడకలుండవు. అయినా చాపలు, గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తా ఎక్కించుకుని కాశీ, షిర్డీ, రామేశ్వరం పోయే మన కుటుంబాలు దాన్ని ఎన్నో ఏళ్లుగా క్యారవాన్ లాగానే వాడుకుంటున్నాయి.

నంబరు ప్లేటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డ్రైవరుతో అద్దెకు తిరిగే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, మనమే నడుపుకునే అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు బండిని కిరాయికి తీసుకుపోతే కొన్ని వేలు తగ్గొచ్చు. దారిలో ప్రమాదం జరిగితే మాత్రం బీమా కంపెనీ ఆ కిరాయి సంగతినే పట్టుకుంటుంది. పాత వ్యానులో ఆర్‌సీలో ఎక్కించకుండా మంచాలు, గ్యాస్ బిగించుకున్నా ఇదే చిక్కు.

తలకు ఒక లెక్క, కిలోమీటరుకు ఒక లెక్క, రోజుకు ఒక లెక్క

విమానం మనిషి తలను లెక్క పెడుతుంది. ఇద్దరు పోతే రెండు టికెట్లు, పన్నెండు మంది పోతే పన్నెండు. ఒడిలో కూర్చునే రెండేళ్లలోపు బిడ్డకే మినహాయింపు. రెండేళ్లు దాటిన పిల్లలకు ఇంచుమించు పెద్దవాళ్ల ఛార్జీయే పడుతుంది. సొంత కారు కిలోమీటరును లెక్క పెడుతుంది. అందులో ఒక్కరు కూర్చున్నా నలుగురు కూర్చున్నా పెట్రోలు పెద్దగా మారదు. క్యారవాన్ రోజును లెక్క పెడుతుంది. ఘాట్ దగ్గర కదలకుండా నిలబడ్డా ఆ రోజు అద్దె పడుతుంది. రోజుకు ఇన్ని కిలోమీటర్లని ఒక హద్దు పెట్టి, దాటితే అదనంగా తీసుకుంటారు. టెంపో ట్రావెలర్‌ది మధ్యరకం: కిలోమీటరుకు రేటు, రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు, పైన డ్రైవరు బత్తా, టోల్, వేరే రాష్ట్రాల పర్మిట్ పన్నులు.

ఇది అర్థమైతే మిగతాదంతా కూడికలే. ఇక్కడ వేసే ధరలు లెక్క తెలియడానికి నేను అనుకున్నవి. మీరు బయల్దేరే నాటి ధరలు పెట్టి మళ్లీ వేసుకోవచ్చు.

టికెట్టులో లేని నూట డెబ్భై కిలోమీటర్లు

హన్మకొండవాళ్లకు విమానయాత్ర శంషాబాద్‌లో మొదలుకాదు. జనగామ, ఘట్‌కేసర్, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఎయిర్‌పోర్టు దాకా సుమారు 170 కిలోమీటర్లు. పొద్దున ఏడింటి విమానమైతే రాత్రి రెండుకు ముందే ఇల్లు కదలాలి. ఆ వేళకు క్యాబ్ తప్ప వేరే దారి లేదు. పోవడానికి ₹4,000, రావడానికి ₹4,000 వేసుకుందాం. పగటి విమానమైతే రైల్లో సికింద్రాబాద్ దాకా పోయి, అక్కడ ఆర్టీసీ పుష్పక్ బస్సు ఎక్కి ఈ ఖర్చు బాగా తగ్గించుకోవచ్చు. కానీ ముసలివాళ్లు, పిల్లలు, నాలుగు బ్యాగులతో ఆ మార్పులు ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

అవతల దిగాక ఇంకో ముక్క ఉంది. వారణాసి విమానాశ్రయం ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో బాబత్‌పూర్‌లో ఉంది. అక్కడి నుంచి ఊళ్లోకి, ఆపైన ప్రయాగ, అయోధ్య తిరగడానికి మళ్లీ బండి కావాలి. రెండూ కలిపి ₹14,000 అనుకుందాం. చెకిన్ బ్యాగు మామూలుగా మనిషికి 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. సీటు ఎంచుకుంటే వేరే రుసుము. ఎకానమీ టికెట్టు మీద 5 శాతం జీఎస్టీ, ఎయిర్‌పోర్టు వాడకం రుసుము టికెట్టులోనే కలిసి ఉంటాయి.

సొంత కారుకు పెట్రోలొక్కటే ఖర్చా?

వరంగల్ నుంచి కరీంనగర్, మంచిర్యాల, చంద్రపూర్, నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా మీదుగా కాశీ సుమారు 1,200 కిలోమీటర్లు. రానూపోనూ, ప్రయాగ, అయోధ్య కలుపుకుంటే 2,900 అనుకుందాం. లీటరుకు 14.5 కిలోమీటర్లు వచ్చే బండికి సరిగ్గా 200 లీటర్లు పడుతుంది. సగటున లీటరు ₹105 చొప్పున ₹21,000. సగటు అని ఎందుకన్నానంటే పెట్రోలు, డీజిల్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు, ఏ రాష్ట్రం వ్యాటు దానిదే. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాటు 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. ఉత్తరప్రదేశ్ బంకుల్లో పెట్రోలు లీటరు మనకన్నా పది రూపాయలకు పైగా తక్కువకు దొరుకుతూ వచ్చింది. తిరుగు ప్రయాణంలో అక్కడే ట్యాంకు నింపుకోవడం తెలివైన పని.

టోల్ దగ్గర సొంత కారుకు ఒక పెద్ద వెసులుబాటు వచ్చింది. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాసు మొదలైనప్పుడు ధర ₹3,000, దానికి ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మామూలు జాతీయ రహదారి మీద ఒక ప్లాజా దాటితే ఒక ట్రిప్పు, అంటే ఆ ధరకు గేటుకు ₹15. హైదరాబాద్ పోయి వచ్చేటప్పుడు కొమల్ల, బీబీనగర్ గేట్లు తరచూ దాటే వరంగల్ కార్లకు ఇది ఎలాగూ పనికొస్తుంది. పసుపు ప్లేటు బండ్లకు ఈ పాసు లేదు, ఔటర్ రింగ్ రోడ్డు మీదా చెల్లదు. పాసు లేదనుకునే ₹4,000 వేస్తున్నాను.

ఇక ఎవరూ వెయ్యని లెక్క అరుగుదల. నాలుగు టైర్లు ₹24,000కు వచ్చి 40,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 60 పైసలు. పది వేల కిలోమీటర్లకోసారి ₹8,000 సర్వీసింగ్ అంటే 80 పైసలు. బ్రేకులు, క్లచ్చు, అమ్మేటప్పుడు తగ్గే విలువ కలిపి ఇంకో ₹1.60. మొత్తం ₹3. అంటే 2,900 కిలోమీటర్లకు ₹8,700. ఇది జేబులోంచి ఆ వారంలో పోదు కాబట్టి కనపడదు, కానీ ఆరు నెలలకు సర్వీసింగ్ సెంటరులో కనపడుతుంది.

ఈఎంఐ, బీమా కలపాలా అన్నదాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. బండి గుమ్మం ముందు నిలబడ్డా అవి కట్టాల్సిందే కాబట్టి యాత్ర ఖర్చులో చేర్చక్కర్లేదని కొందరంటారు. నేనూ ఆ వైపే. యాత్రల కోసమే బండి కొనేవాళ్ల విషయంలో మాత్రం అవతలివాళ్ల మాటే సరైనది. ₹25 లక్షలు పెట్టి క్యాంపర్‌వ్యాన్ కొని, పదేళ్లలో దాని విలువంతా పోయిందనుకుని, ఏడాదికి ఇరవై రోజులే తిప్పితే డీజిల్ కొట్టించకముందే రోజుకు ₹12,500 పడుతుంది.

నలుగురు పోతే

భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల, ఐదేళ్ల పిల్లలు. విమానంలో ఐదు రోజులు, నాలుగు రాత్రులు. నెల ముందు కొంటే టికెట్టు ఒకవైపు ₹6,500 అనుకుంటే నలుగురికి రానూపోనూ ₹52,000. శంషాబాద్ క్యాబులు ₹8,000, అవతలి బండ్లు ₹14,000, గది రోజుకు ₹2,500 చొప్పున ₹10,000, తిండి మనిషికి రోజుకు ₹500 చొప్పున ₹10,000. మొత్తం ₹94,000.

అదే సొంత కారులో ఎనిమిది రోజులు, ఏడు రాత్రులు. పెట్రోలు ₹21,000, టోల్ ₹4,000, అరుగుదల ₹8,700, గదులు ₹17,500, తిండి ₹16,000. మొత్తం ₹67,200. కారుతో ₹26,800 మిగిలింది, మూడు రోజులు ఎక్కువ పట్టింది.

పిల్లల్ని అమ్మమ్మ ఇంట్లో వదిలి ఇద్దరే పోతే? విమానానికి ₹63,000, కారుకు ₹59,200. తేడా ₹3,800కు పడిపోయింది. ఒక్కరే పోతే విమానం ₹47,500, కారు ₹55,200. ఎనిమిది రోజులు ఒంటరిగా స్టీరింగు పట్టుకున్నందుకు ఎదురు ఖర్చే.

క్యారవాన్ ఎక్కడ తేలుతుంది

మేనల్లుడి లెక్క ఇక్కడ చూద్దాం. రోజుకు ₹9,000, డ్రైవరూ డీజిలూ వాళ్లవే, రోజుకు 250 కిలోమీటర్ల హద్దు, దాటితే కిలోమీటరుకు ₹20 అనుకుందాం. ఎనిమిది రోజులకు అద్దె ₹72,000. అందులో వచ్చేవి 2,000 కిలోమీటర్లు, మనం తిరిగేవి 2,900. పైగా లెక్క గ్యారేజీ నుంచి గ్యారేజీ దాకా. బండి హైదరాబాద్‌లో ఉంటే హన్మకొండకు ఖాళీగా వచ్చి, ఖాళీగా వెనక్కి పోయే 300 కిలోమీటర్లూ మన ఖాతాలోనే. అదనం 1,200 కిలోమీటర్లకు ₹24,000. బత్తా రోజుకు ₹800 చొప్పున ₹6,400, టోల్, పర్మిట్లు ₹6,000. బండిలోనే పడుకున్నా రెండు రాత్రులు గది తీసుకుంటే ₹5,000. వండుకుంటాం కాబట్టి తిండి సగానికి తగ్గి ₹8,000. మొత్తం ₹1,21,400.

నలుగురికి విమానం కన్నా ₹27,400 ఎక్కువ. గది, హోటల్ ఖర్చు మిగులుతాయన్న వాడి మాట నిజమే. మిగిలింది ఎంతో చూడండి: కారు యాత్రతో పోలిస్తే గదుల్లో ₹12,500, తిండిలో ₹8,000. ఆ ఇరవై వేల ఐదు వందల ఆదాను రోజు అద్దె రెండున్నర రోజుల్లోపే మింగేస్తుంది.

అదే బండిలో ఆరుగురు పోతే కథ మారుతుంది. ఇంకో గది, ఇద్దరి తిండి కలిపితే ₹1,30,400 అవుతుంది. విమానంలో ఆరుగురికి టికెట్లు ₹78,000, పెద్ద క్యాబులు ₹10,000, అవతలి బండి ₹16,000, రెండేసి గదులు ₹20,000, తిండి ₹15,000. మొత్తం ₹1,39,000. క్యారవాన్ కొద్దిగా తేలింది. పడకలన్నీ నిండితేనే దానికి గిట్టుబాటు. తక్కువ తిరిగి ఎక్కువ రోజులు ఉండేవాళ్లకూ, అంటే కిలోమీటర్ల హద్దు దాటనివాళ్లకూ, అది బాగా కలిసొస్తుంది. 2,900 కిలోమీటర్ల కాశీయాత్ర అలాంటిది కాదు.

పన్నెండు మంది, ఒక గ్యాస్ పొయ్యి

మావాళ్లు చివరకు టెంపో ట్రావెలరే మాట్లాడారు, 17 సీట్లది. తెల్లారుజామున నాలుగింటికి నయీంనగర్‌లో ఎక్కించిన సామాను నాకిప్పటికీ కళ్లముందుంది: ముప్పై కిలోల బియ్యం, కందిపప్పు, చింతపండు, మామిడి తొక్కు జాడీ, రెండు డబ్బాల సకినాలు, ఇత్తడి గుండిగ, చాపలు, నీలం రంగు నీళ్ల డ్రమ్ము. మర్నాడు నాగ్‌పూర్ దాటి సియోనీ వైపు ఒక దాబా వెనక ఖాళీ జాగాలో ఆపారు. దాబా అతను, మీరు చాయ్ నా దగ్గర తాగితే చాలు, వండుకోండి అన్నాడు. మా అత్తమ్మ సోలతో బియ్యం కొలిచింది, చిన్నత్త పచ్చిపులుసు పిసికింది, గంటలో పద్నాలుగు విస్తళ్లు లేచాయి. పెద్దబావ "పొయ్యి" గడిలో ఆ పూటకు రాసింది పాలు, చాయ్, కూరగాయలు మాత్రమే.

ఇప్పుడు అంకెలు. పన్నెండు మందికి విమానమైతే టికెట్లు ₹1,56,000, శంషాబాద్‌కు రానూపోనూ పెద్ద బండి ₹18,000, అవతల ₹30,000, నాలుగేసి గదులు ₹40,000, తిండి ₹30,000. మొత్తం ₹2,74,000, మనిషికి దాదాపు ₹22,830.

టెంపోలో కిలోమీటరుకు ₹24 చొప్పున ₹69,600. ఇద్దరు డ్రైవర్లకు బత్తా ₹12,800. ఇద్దరెందుకంటారా, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం కూడా డ్రైవరు పనిని మామూలుగా రోజుకు 8 గంటలకే పరిమితం చేసింది. నాగ్‌పూర్ దాటాక నిద్ర కళ్లతో నడిపే మనిషి చేతిలో పన్నెండు ప్రాణాలు పెట్టి ₹6,400 మిగుల్చుకోవడం నాకు అస్సలు సమ్మతం కాదు. టోల్, పర్మిట్లు ₹10,000. సత్రాల్లో బస రాత్రికి అందరికీ కలిపి ₹4,000 చొప్పున ₹28,000. వండుకున్న తిండి మనిషికి రోజుకు ₹200 చొప్పున ₹19,200. మొత్తం ₹1,39,600, మనిషికి దాదాపు ₹11,630. విమాన టికెట్ల ఖర్చే దీనికన్నా ఎక్కువ.

ఈ పోలిక న్యాయంగా లేదని మరదలు అభ్యంతరం చెప్పింది. ఒకవైపు లాడ్జి, ఒకవైపు సత్రం పెడితే బండే గెలుస్తుంది కదా అని. నిజమే. టెంపోవాళ్లూ అవే ₹2,500 గదుల్లో ఉండి, హోటళ్లలోనే తింటే వాళ్ల ఖర్చు ₹2,10,400కు పెరుగుతుంది, మనిషికి దాదాపు ₹17,530. అప్పటికీ విమానం కన్నా తక్కువే, తేడా మాత్రం సగమైంది. అంటే టెంపో యాత్రలో మిగిలిన డబ్బులో దాదాపు సగం చక్రాల వల్ల, మిగతా సగం సత్రం వల్ల, అత్తమ్మల చేతి వంట వల్ల వచ్చింది. ఆ చాకిరీకి కూలి కడితే లెక్క ఇంకోలా ఉండేది. యాత్రలో కూడా పొయ్యి ముందు కూర్చున్నది ఆడవాళ్లేనన్న సంగతిని ఆ నోటుబుక్కు ఎక్కడా రాయలేదు.

పండగ పూట టికెట్టు

ఒకే విమానంలో పక్కపక్క సీట్ల ధరలు వేరుగా ఉంటాయి. కంపెనీ సీట్లను ధరల వారీగా వాటాలు చేసి పెడుతుంది, తక్కువ ధర వాటా అయిపోగానే పైది తెరుస్తుంది. దసరాకు, సంక్రాంతికి కింది వాటాలు త్వరగా ఖాళీ అవుతాయి. మన నలుగురి కుటుంబానికి టికెట్టు ₹10,000కు పెరిగితే విమానయాత్ర ₹1,22,000 అవుతుంది, క్యారవాన్‌తో సమానమన్నమాట. ₹4,500కు దొరికితే ₹78,000కు దిగుతుంది. అప్పుడు కారుతో మిగిలేది ₹10,800 మాత్రమే, అది మూడు రోజుల కష్టానికి.

పైకి ఎంత దాకా పోగలదో 2025 డిసెంబరులో చూశాం. దేశమంతా వందల విమానాలు రద్దయి ఛార్జీలు మండిపోతే, కేంద్రం దూరాన్నిబట్టి గరిష్ఠ ధరలు పెట్టింది. 1,000 నుంచి 1,500 కిలోమీటర్ల దూరానికి ₹15,000, పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు కాక. ఆ ధరకు నలుగురు పోయి రావాలంటే టికెట్లకే ₹1,20,000.

మూడు రోజుల విలువ ఎవరికి ఎంత

బండిలో ఎక్కువ పట్టే మూడు రోజులు ఉద్యోగికీ, దుకాణదారుకీ, రిటైరైన మనిషికీ ఒకటి కావు. రోజుకు ₹2,000 జీతం తెగే ఇద్దరు ఉద్యోగస్తులకు మూడు రోజులంటే ₹12,000. ఇందాక చూసిన ₹3,800 లాభం పోయి, కారే ₹8,200 నష్టం తెస్తుంది. సెలవుల్లో ఉన్న టీచర్ల దంపతులకు ఆ కోత సున్నా.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇరవై గంటలు సీట్లో కూర్చోవడం పెద్ద శిక్ష. విమానమే నయమని డాక్టర్లు కాదు, వాళ్ల కాళ్లే చెబుతాయి. మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. జబల్‌పూర్ ముందర తిల్వారా ఘాట్ వంతెన మీద నుంచి నర్మద కనపడగానే బండి ఆపించి, దిగి తలమీద నీళ్లు చల్లుకుంది. ఆమెకు అది దారి ఖర్చు కాదు, యాత్రలో ఒక తీర్థం.

ఈ రెంటి మధ్య రైలుంది. సికింద్రాబాద్–దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఎక్కితే ప్రయాగ్‌రాజ్ ఛివ్‌కీ, ఆ తర్వాత దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దించుతుంది, అక్కడి నుంచి కాశీ పక్కనే. పైసల్లో దీన్ని ఏదీ కొట్టలేదు. బెర్తు దొరకడమే దాని అసలు ధర.

దూరం మారితే, ఎయిర్‌పోర్టు దగ్గరైతే

విశాఖ, అరకు లాంటి చోట్లకు హన్మకొండ నుంచి విమానం ఆలోచనే అనవసరం. తూర్పుకు పోవడానికి ముందు 170 కిలోమీటర్లు పడమటికి పోవాలి. కశ్మీరు లాంటి దూరానికి ఇంకో చివర: రానూపోనూ దారిలోనే వారం గడిచిపోతుంది కాబట్టి గదుల ఖర్చూ తిండి ఖర్చూ టికెట్టును దాటేస్తాయి. చిక్కంతా కాశీ లాంటి నడిమి దూరాలతోనే.

వరంగల్ పక్కనే ఉన్న మామునూరు ఎయిర్‌పోర్టు సంగతి అందరూ అడుగుతున్నారు. నిజాం కాలంలో 1930లో కట్టిన ఆ విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరి చివర కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్లలోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందపు షరతు అన్నాళ్లూ అడ్డం ఉండేది. అక్కడి నుంచి కాశీకి నేరుగా, అదే ₹6,500కు విమానం ఉందనుకుందాం. శంషాబాద్ క్యాబుల ₹8,000 పోయి ఆటోకు ₹800 సరిపోతుంది. ఇద్దరి విమానయాత్ర ₹55,800కు దిగుతుంది, ₹59,200 కారు కన్నా ₹3,400 తక్కువ. నలుగురైతే కారే ఇంకా ₹19,600 తక్కువ. పెద్దబావ పన్నెండు మందికి మాత్రం, ఆటోలకు ₹2,000 వేసుకుంటే, విమానం ₹2,58,000 దగ్గరే ఆగుతుంది, టెంపో ₹1,39,600 దగ్గర. ఆ లెక్క చెప్పగానే ఆయన వచ్చే ఏడు పూరీకి బండి ఎంతవుతుందో కనుక్కోవడం మొదలుపెట్టాడు.